అడిగాను, వద్దన్నారు, గౌరవించాను

ఆ రోజుల్లో నవ్వడం, వినడం, మాట్లాడటం అనేవి మనిషికి పళ్లలాగా వాటంతటవే వస్తాయని, వాటికి వేరే క్లాసులు అక్కర్లేదని అనుకునేదాన్ని. అలా అనుకున్నన్నాళ్లూ నా చేతుల మీదుగా ఎవరూ పస్తులుండలేదు. క్లాసులకు వెళ్లొచ్చాకే ఒక పెద్దాయనను పన్నెండు రోజులపాటు అర్ధాకలితో ఉంచాను. అదీ నవ్వుతూ, నమస్కారం పెడుతూ, ఆయన మంచానికి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని మరీ.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. మాది జంగారెడ్డిగూడెం. మా నాన్న పామాయిల్ తోటల్లో గెలలు కోయించే మేస్త్రీ. డిగ్రీ అయిందనిపించుకున్నాక, మా చర్చిలో ఎవరో చెబితే రాజమండ్రిలో ఒక పునరావాస కేంద్రంలో సపోర్ట్ స్టాఫ్‌గా చేరాను. తుంటి విరిగి ఆపరేషన్ అయినవాళ్లు, పక్షవాతం నుంచి తేరుకుంటున్నవాళ్లు నెలో రెండు నెలలో ఉండి, మళ్లీ నడక నేర్చుకుని ఇంటికి వెళ్లే చోటు అది. సపోర్ట్ స్టాఫ్ అంటే నర్సు కాదు, ఆయా కాదు, మధ్యలో ఇంకేదో. అన్నం పెట్టాలి, తల దువ్వాలి, చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేయించాలి, ఇవన్నీ చేసినట్టు చార్టులో రాయాలి. మొదటి మూడు నెలలూ ప్రొబేషన్. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే గూడెం బస్సు ఎక్కిస్తారు. (అక్కడ అందరూ నన్ను పేరుతో కాకుండా "గూడెం పిల్ల" అనే పిలిచేవారు. ఆ పిలుపులో సగం ముద్దు, సగం అనుమానం.)

చేరిన రెండో వారంలో మా ఇన్‌చార్జి మేడంగారు స్టాఫ్ అందరికీ మూడు రోజుల శిక్షణ పెట్టించారు. విషయం కమ్యూనికేషన్, సానుకూల దృక్పథం. చెప్పడానికి వచ్చినాయన ఎప్పుడూ నవ్వుతూనే ఉండేవారు. ప్రొజెక్టర్ పాడైనా నవ్వారు, కరెంటు పోయినా నవ్వారు. అందుకని ఆయనకు నవ్వుల సారు అని పేరు పెట్టుకున్నాం. పేషెంటు మంచంలో ఉంటే మనం నిలబడి మాట్లాడకూడదనీ, కళ్లకు కళ్లు ఎదురుగా ఉండేలా కూర్చోవాలనీ చెప్పారు. వాళ్లు చెప్పింది మనం తిరిగి చెబితే, విన్నామని వాళ్లకు నమ్మకం కుదురుతుందన్నారు. అన్నిటికంటే గట్టిగా, బల్ల మీద వేలితో కొట్టి మరీ చెప్పిందొకటుంది. "ఒక్కసారి అడగండి. స్పష్టంగా అడగండి. వచ్చిన జవాబును గౌరవించండి. బలవంతం చేయడం ప్రేమ కాదండి, పెత్తనం." నేను ముందు వరసలో కూర్చుని ప్రతి ముక్కా రాసుకున్నాను. ఆడవాళ్ల వార్డు చూసే పెద్దాయమ్మ వెనక వరసలో గోడకు ఆనుకుని మూడు రోజులూ హాయిగా నిద్రపోయింది. భీమవరం పక్క మనిషి, ఇరవై ఏళ్ల సర్వీసు. ఆవిడను చూసి నాకు జాలేసింది, పాపం ఈవిడ ఎప్పటికి మారుతుందా అని.

నాలుగో రోజు నుంచి మగవాళ్ల వార్డు మీద నా విద్య ప్రయోగం మొదలైంది. మొదటి మంచం ఒక రిటైర్డ్ హెడ్మాస్టరుగారిది. ఆయన కళ్లకు ఎదురుగా ఉండాలని నేను మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడేసరికి, "పడిపోయావేంటమ్మా?" అని కంగారుపడి బెల్లు నొక్కారు. నర్సు పరుగెత్తుకొచ్చింది. పడలేదని ఇద్దరికీ చెప్పి, సద్దుకుని, ఎలా ఉందని అడిగాను. "మోకాలు సలుపుతోంది" అన్నారు. "అంటే మీకు మోకాలు సలుపుతోందన్నమాట" అన్నాను. ఆయన నా వంక ఒక్క క్షణం చూశారు. "అవును, సలుపుతోంది." "సలుపుతోందని మీకు అనిపిస్తోంది." "అనిపించడమేంటమ్మా, సలుపుతుంటేను! నేనన్నదే నాకు అప్పజెబుతావేంటి? నలభయ్యేళ్లు పిల్లల చేత అప్పజెప్పించుకుని విసిగిపోయి ఇక్కడికొచ్చాను." ఆ పూటకి ఆయన్ను వదిలేసి, పక్క మంచానికి వెళ్లాను.

పక్క మంచం సరంగు తాతది. అంతర్వేది దగ్గర పల్లెకారుల ఊరు. చిన్నప్పటి నుంచీ సముద్రం మీద వేటే. బోటు నడిపిన సరంగు, అలల మీద పడని మనిషి, ఇంటి అరుగు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ బాగానే అయింది. ఇంక తిని, బలం పుంజుకుని, నడవాలి. నల్లగా, పొడుగ్గా, మెత్తగా మాట్లాడే మనిషి. చేరిన రోజు స్ట్రెచర్ మీద లోపలికి తెస్తుంటే తువ్వాలు మొహానికి కప్పుకున్నాడట, నలుగురూ మోసుకెళుతుంటే చూడలేక. నన్ను "సిస్టరమ్మగారూ" అనేవాడు. నేను సిస్టర్ని కాదండి అని ఎన్నిసార్లు చెప్పినా, "ఆయ్, అలాగేనండి సిస్టరమ్మగారూ" అనేవాడు.

అంతకుముందైతే భోజనాల వేళ ప్రార్థన కాగానే కంచాల్లో అన్నీ వడ్డించుకుంటూ పోయేవాళ్లం. ఇప్పుడు నాకు జ్ఞానోదయం అయింది కదా! ప్రతిదీ అడుగుతున్నాను. "తాతగారూ, గుడ్డు పెట్టమంటారా?" "అబ్బే, వద్దండి." నేను నవ్వి, నమస్కారం పెట్టి, గుడ్డు వెనక్కి తీసుకునేదాన్ని. "ఇంకొంచెం అన్నం?" "చాలండి, కడుపు నిండిపోయింది." నవ్వు, నమస్కారం. "సాయంత్రం పాలు?" "ఇప్పుడెందుకులెండి." నవ్వు, నమస్కారం. వెళ్లి చార్టులో గుండ్రటి అక్షరాలతో రాసేదాన్ని: అడిగాను, వద్దన్నారు, గౌరవించాను. పూటకు నాలుగైదుసార్లు. ఆ మూడు మాటలూ ఒకదాని కింద ఒకటి పేజీ నిండా చూసుకుంటే నాకు కడుపు నిండినట్టుండేది. (ఎవరి కడుపు నిండిందో చూశారుగా.) హెడ్మాస్టరుగారికి ఈ బాధ లేదు. ఆయనకు మొహమాటం అనేది తెలియదు, "గుడ్డు ఇటు పెట్టు, రెండోది కూడా" అనేవారు. మిగతా ఇద్దరు ముగ్గురికి ఇళ్ల నుంచి క్యారేజీలు వచ్చేవి. తాత భార్య మాత్రం అంత దూరం నుంచి ఆదివారాలే రాగలిగేది.

శనివారాలు బరువులు చూసే రోజు. మొదటి శనివారం తాత కిలో తగ్గాడు. ఆపరేషన్ నీరసం అన్నారు. రెండో శనివారానికి మరో రెండున్నర కిలోలు తగ్గాడు. నడకా అంతే, పోయిన వారం ఆరడుగులు వేసినవాడు ఈ వారం రెండడుగులకే చెమటలు పట్టి కూర్చుండిపోయాడు. డాక్టరుగారు చార్టు తిరగేశారు. ఒక పేజీ, రెండు పేజీలు, మూడు పేజీలు. "ఎవరమ్మా ఇన్నిసార్లు గౌరవించింది?" అన్నారు. నేను చెయ్యెత్తాను, మెచ్చుకుంటారేమోనని కాస్త సిగ్గుపడుతూ. ఆయన నావైపు చూడకుండా మేడంగారితో అన్నారు, "ఈయన తిండి మానేస్తున్నాడండి. దిగులో ఏమో. వారం చూద్దాం. వచ్చే శనివారానికి బరువు పెరగకపోతే పెద్దాసుపత్రికి పంపించి ముక్కులోంచి గొట్టం వేయించాల్సిందే. నడక సంగతి ఆ తర్వాత." తాత అదంతా విన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆ వీపు వంకే చూస్తూ నిలబడ్డాను. నేనేం తప్పు చేశానో మాత్రం ఎంత ఆలోచించినా తోచలేదు. నోట్సు తీసి మళ్లీ చదివాను. అన్నీ సరిగ్గానే చేశాను.

మర్నాడు ఆదివారం. కిందటి ఆదివారం నాకు సెలవు, ఈసారి డ్యూటీ. పొద్దున్నే మామ్మ, అంటే తాత భార్య, మూడు గిన్నెల క్యారేజీతో దిగింది. మూత తీయగానే చందువా చేపల పులుసు వాసన వార్డంతా కమ్మేసింది. నేను ఆ పూట హాస్టల్లో ఉప్మా చూసి దణ్ణం పెట్టి వచ్చేశాను, కడుపు మాడిపోతోంది. మామ్మ నన్ను చూసి, "రామ్మా, రెండు ముద్దలు తిందువుగాని" అంది. "వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అన్నాను. ఆవిడ నా మాట వినిపించుకోనట్టే క్యారేజీ మూతలో అన్నం పెట్టింది. "అయ్యో, వద్దు మామ్మా, నిజంగా" అంటూ రెండు చేతులూ మూతకు అడ్డం పెట్టాను. ఆవిడ గరిటెతో నా వేళ్ల సందుల్లోంచే పులుసు పోసింది. "చాలు చాలు చాలు" అంటూ నేను మూత ముందుకు లాక్కున్నాను. మూడోసారి వడ్డించాక అసలు అనడమే మానేసి తింటూ పోయాను. ముల్లు తీసుకుంటూ తలెత్తేసరికి తాత నన్నే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు. ఆకలి ఉంది.

"మామ్మా, తాతగారు ఇక్కడ మేం పెడితే తినరేంటండి?" అన్నాను. "ఎవరమ్మా తినంది?" అందావిడ, వద్దంటున్నా ఆయన కంచంలోకి అన్నం తోస్తూ. "అడిగేవాళ్లు లేకపోతే ఎలా తింటారు? మీ తాత ఎక్కడైనా రెండుసార్లు వద్దనకుండా ముద్ద ముట్టిన మనిషేనా? మా పెళ్లిలో చూడాలి. మా వదిన కొత్త పిల్ల, వద్దంటే నిజమనుకుని ఒక్కసారికే వెళ్లిపోయింది. పెళ్లికొడుకై ఉండి పస్తు పడుకున్నారు. మా అత్తారింట్లో ఆ మాట పదేళ్లు చెప్పుకున్నారమ్మా, మీవాళ్లు మర్యాద తెలియనివాళ్లని." తాత పులుసు కలుపుకుంటూ, తల వంచుకునే అన్నాడు. "సిస్టరమ్మగారి తప్పేం లేదే. ఎంతో మర్యాదగా నవ్వుతూ అడుగుతారు. వద్దనగానే దణ్ణం పెట్టి వెళ్లిపోతారు. చదువుకున్న పిల్ల, మళ్లీ వెనక్కి పిలిచి పెట్టమంటే బాగోదు కదా." "మరి ముక్కులో గొట్టం వేస్తామన్నప్పుడైనా ఆకలేస్తోందని చెప్పచ్చు కదండీ!" అన్నాను, ఏడుపు గొంతుతో. "నోరు తెరిచి అన్నం అడగడం ఎలాగమ్మా?" అన్నాడు, అదేదో జరగని పని అన్నట్టు.

నిజం చెప్పాలంటే అది నాకూ జరగని పనే. మా ఇంటికి వచ్చినవాళ్ల వద్దులను మా అమ్మ ఏనాడూ చెవిన పెట్టలేదు. మా పాస్టరుగారు కంచం మీదకు వంగి అడ్డుపడుతుంటే ఆయన మోచేతి పక్కనుంచి అరిసె జారవిడిచిన మనిషి మా అమ్మ. ఆ వడ్డన చూస్తూ పెరిగిన దాన్ని, పావుగంట క్రితం నేనే మూడుసార్లు వద్దని మూడుసార్లూ తిన్నదాన్ని, మూడు రోజుల క్లాసు వినగానే ఇవన్నీ ఎలా మర్చిపోయానో! బాత్రూంలోకి వెళ్లి కాసేపు ఏడ్చాను. సిగ్గుతో కొంత, ఆ పులుసు కారంతో కొంత.

ఇక రేపటి నుంచి తాతను వదిలేది లేదని ఒట్టు పెట్టుకున్నాను. కానీ సోమవారమే నవ్వుల సారు రాబోతున్నారని ఆ సాయంత్రం మేడంగారు చెప్పారు. శిక్షణ ఎంత ఒంటబట్టిందో చూడటానికి వార్డులో నిలబడి, ఒక్కొక్కళ్లనూ గమనించి, ఫారంలో టిక్కులు పెడతారట. "నీ ప్రొబేషన్ దాని మీదే ఉందమ్మా. డాక్టరుగారు అప్పుడే నీ గురించి అడిగారు, జాగ్రత్త" అన్నారు మేడంగారు. రెండు రోజుల తర్వాత మొదలెడదామా అని కూడా ఆలోచించాను, దాచడం ఎందుకు. కానీ శనివారానికి మిగిలింది ఆరు రోజులు. అందులో రెండు నా ఉద్యోగానికి ఇచ్చేస్తే ఆయనకు మిగిలేది నాలుగే.

సోమవారం మధ్యాహ్నం సారు వార్డు గుమ్మంలో అట్ట, పెన్ను పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. నేను తాత దగ్గరికి వెళ్లి, "గుడ్డు పెట్టనా తాతగారూ?" అన్నాను. "వద్దండి." సారు టిక్కు పెట్టడానికి పెన్నెత్తారు. "ఒక్కటేనండి, ఎంతలే" అన్నాను. పెన్ను గాల్లో ఆగింది. "చాలమ్మా, ఇందాకే తిన్నాను కదా." "ఏం తిన్నారు, గాలి తిన్నారా? మీరు తినకపోతే నేనూ తినను, ఇక్కడే కూర్చుంటాను" అని మంచం మీదే కూలబడి, గుడ్డు కంచంలో వేసేశాను. బలవంతం, బెదిరింపు, మంచం మీద కూర్చోవడం. సారు ఇంటూ మీద ఇంటూ కొడుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. తాత రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వేళ్ల మధ్య ఇంత సందు! ఆ సందులోంచి పప్పు పోశాను. "అయ్యయ్యో, ఏంటమ్మా ఇది" అంటూనే తాత మొహం విచ్చుకుంది. రెండు గుడ్లు, మూడుసార్లు అన్నం, ఆఖర్న పెరుగు. పక్క మంచం మీంచి హెడ్మాస్టరుగారు, "నన్నెవరూ ఇలా బతిమాలరేం?" అని అలిగారు.

అంతా అయ్యాక మేడంగారు సారును భోజనానికి లేవమన్నారు. ఆ రోజు స్టాఫ్ భోజనంలో రొయ్యల ఇగురు. వడ్డించడానికి పెద్దాయమ్మ వచ్చింది. (శిక్షణలో నిద్రపోయిన ఈవిడ వార్డులో ఆడవాళ్లందరూ అంతకంతకూ ఒళ్లు చేశారని నాకు అప్పటికి తెలిసింది.) "రొయ్యలు వేయనాండి?" అంది. "అబ్బే, వద్దమ్మా, లేటవుతోంది" అన్నారు సారు. పెద్దాయమ్మ చక్కగా నవ్వింది. గిన్నె చంకన పెట్టుకుని నమస్కారం పెట్టింది. వెళ్లిపోయింది. సారు గరిటె వెళ్లిన వైపే చూస్తూ కూర్చున్నారు. అర నిమిషం పోయాక, ఎన్నడూ లేనిది, ఆయన మొహం మీది నవ్వు ఆరిపోయింది. "ఏంటండీ, ఆవిడ మళ్లీ రాదా?" అని మేడంగారిని నెమ్మదిగా అడిగారు. లోపల్నుంచి పెద్దాయమ్మ గొంతు వినిపించింది. "అడిగానండి. వద్దన్నారు. గౌరవించాను." మేడంగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. సారుది పాలకొల్లు దగ్గర ఊరని అప్పుడు బయటపడింది. ఆయన పగలబడి నవ్వారు, అదే ఆయన నవ్వుల్లో నేను చూసిన మొదటి అసలు నవ్వు. రెండుసార్లు వద్దని, మూడుసార్లు వేయించుకున్నారు. ఆ ఫారంలో చివరికి ఏం రాసి ఇచ్చారో నాకిప్పటికీ తెలియదు. నన్ను మాత్రం గూడెం బస్సు ఎక్కించలేదు.

శనివారం తాత ముప్పావు కిలో పెరిగాడు. డాక్టరుగారు కాటా రెండుసార్లు చూసి, గొట్టం మాట ఎత్తకుండా వెళ్లిపోయారు. ఆ తర్వాత నెల రోజులూ నేను విజృంభించాను. ఆ వార్డులో ఎవరు వద్దన్నా చెల్లలేదు. అన్నమే కాదు, దుప్పటి వద్దంటే కప్పేశాను, ఫ్యాన్ వద్దంటే వేసేశాను. మనుషుల మనసులో మాట నాకు తెలిసిపోయిందని గట్టి నమ్మకం.

తాత ఇంటికి వెళ్లే రోజు వచ్చింది. గేటు దగ్గర ఆటో ఆగి ఉంది. వరండా నుంచి అక్కడికి ఇరవై అడుగులుంటాయి. చక్రాల కుర్చీ తెచ్చి పెట్టాను. "కూర్చోండి తాతగారూ, తోసుకెళతాను." "వద్దమ్మా." నాకు నవ్వొచ్చింది, ఇది మొదటిది. "ఎండగా ఉంది, కూర్చోండి." "వద్దమ్మా, పర్లేదు." ఇది రెండోది. మూడోసారికి అడగడం ఎందుకని, ఆయన చంకల కింద చేతులు వేసి కుర్చీలోకి దించబోయాను. ఆయన వాకరు వదల్లేదు. బిగుసుకుపోయాడు. "ఇది ఆ వద్దు కాదు తల్లీ" అన్నాడు. మామ్మ రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది. నేనూ చేతులు తీసేశాను.

ఆయన నడిచాడు. వాకరు ముందుకు, ఒక కాలు, ఇంకో కాలు. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ప్రతిసారీ నేను ఉలిక్కిపడి చేతులు ముందుకు చాచాను, ప్రతిసారీ వెనక్కి లాక్కున్నాను. ఈసారి తువ్వాలు మొహం మీద లేదు, తలపాగా చుట్టి ఉంది. ఆటో కమ్మీ పట్టుకుని, తనంతట తనే ఎక్కి కూర్చుని, ఆయాసం తీర్చుకుని, ఎదురుగా ఉన్న గోదావరి గట్టును చూశాడు. నన్ను చూడటం మర్చిపోయాడు. ఆటో మలుపు తిరిగేదాకా నా చేతులు గాల్లోనే ఉన్నాయని పెద్దాయమ్మ చెప్పింది.

ఇప్పుడు నవ్వుల సారు స్థానంలో నేనే ఆ హాల్లో నిలబడి కొత్త పిల్లలకు చెబుతున్నాను. కళ్లద్దాలు వచ్చాయి, జీతం పెరిగింది, జవాబులు మాత్రం తగ్గాయి. తాత కథ చెబితే పిల్లలు పడీపడీ నవ్వుతారు. ముందు వరసలో నోట్సు రాసుకునే పిల్ల ఎప్పుడూ ఒకతి ఉంటుంది. "మరి ఏది ఏ వద్దో ఎలా తెలుస్తుంది మేడం?" అని పెన్ను పట్టుకుని నా జవాబు కోసం చూస్తుంది. నాకు తెలియదమ్మా అంటాను. ఆ పిల్ల అది కూడా రాసుకుంటుంది, గుండ్రటి అక్షరాలతో. ఆ పిల్లను చూస్తే నవ్వొస్తుంది, ముద్దొస్తుంది, రేపు తన వార్డులో ఉండబోయేవాళ్లను తలుచుకుంటే కాస్త భయమూ వేస్తుంది.